కాటా మీద నిలిచిపోయిన అంకె

ఒక కంప్యూటరు భాష కోసం నెత్తురు కార్చిన మనిషి ఈ దేశంలో నేనొక్కడినే. నమ్మకపోతే నా నుదురు చూడండి. కుడి కనుబొమకు పైన ఒక గాటు ఉంటుంది. పట్టపగలు, వేంపల్లె రోడ్డులో, లారీ జాకీ రాడ్డు ఎత్తిన మనిషికీ కొడవలి దూసిన మనిషికీ మధ్య నిలబడి సంపాదించుకున్నది. చుట్టూ రెండొందల మంది జనం. ఒక్కడు అడ్డం రాలేదు.

రెండొందలు కాదులెండి. ఇరవై మంది ఉంటారు. అందులో సగం మంది టీ కొట్టు దగ్గర గ్లాసులు పట్టుకుని చూశారు. డెబ్భై దాటినాక నాకు నోట్లోకి అబద్ధం ముందు వస్తుంది, నిజం కాస్త ఆలస్యంగా వస్తుంది. వచ్చినప్పుడల్లా సరిచేసుకుంటూ పోతాను.

నేను ప్రోగ్రాములు రాసి బతికినవాణ్ణి. ఉద్యోగమంతా కర్నూలులోనే. కర్నూలు వైపు వాణ్ణని తెలిసి, ఆఫీసు పని మీద హైదరాబాదు పోయినప్పుడల్లా అక్కడి కుర్రవాళ్ళు కుర్చీలు దగ్గరికి లాక్కునేవాళ్ళు. వాళ్ళకు బాంబుల కథలు చెప్పేవాణ్ణి. మా ఇంటి ముందు మూడు పేలాయని, నాలుగోది నా చేతిలో పట్టుకున్నానని. నేను చూసిన బాంబులన్నీ దీపావళివే. మనిషి మీదికి మనిషి రాడ్డు ఎత్తడం దగ్గరగా చూడడానికి నేను రిటైరు కావలసివచ్చింది, ఒక కాటా కొనవలసివచ్చింది.

కొన్నది నేను కాదు, మా బావమరిది. నా భార్య తమ్ముడు. కాటా అంటే లారీ మొత్తం ఎక్కి నిలబడే ఇనుప పలక. పక్కన రేకుల గది, దానికి అద్దాల కిటికీ, లోపల బల్ల మీద ఎవరో వాడి వదిలేసిన పాత కంప్యూటరు. కిటికీ పైన, బయటివాళ్ళకు కనబడేటట్టు, ఎర్ర అంకెల బోర్డు. బండి ఖాళీగా ఒకసారి ఎక్కుతుంది, సరుకుతో ఒకసారి ఎక్కుతుంది. ఆ రెండింటి తేడాయే సరుకు. పలక చెప్పిన తూకం ముందు కంప్యూటరులోకి వస్తుంది, అక్కడినుంచి బయటి బోర్డు మీదికి పోతుంది. అట్లా అమర్చింది నేనే. ఇంటి అల్లుడు ప్రోగ్రాములు రాసేవాడై ఉండగా బయటివాణ్ణి పిలవడమెందుకని.

ఆ రోడ్డులో చీనీకాయల, అంటే బత్తాయిల, కాలం వస్తే చూడాలి. లారీలు వరసగా నిలబడిపోతాయి, ఎండకు కాయ వాడిపోతూ ఉంటుంది, పులుపు వాసన గొంతులో కూర్చుంటుంది. తోటలోనే వ్యాపారి టన్నుకు ఇంత అని తూకంలో ముందే కోసేస్తాడు. దెబ్బకాయలు ఉంటాయని, దారిలో కాయ ఎండుతుందని సాకు. దాన్ని సూటు అంటారు. సూటు పోయినాక రైతుకు మిగిలే నమ్మకం కాటా బోర్డు మీది అంకె ఒక్కటే. తోటలో మింగుకున్న కోపమంతా తెచ్చి ఆ అంకె ముందు నిలబడతాడు. వ్యాపారి మనిషి ఇంకో పక్క నిలబడతాడు. ఇద్దరికీ మధ్య మా బావమరిది.

మొదటి రోజుల్లోనే వాడు నన్ను పిలిచి అడిగాడు.

"బావా, నేను దొంగను కాదని నేను చెప్తే ఎవుడూ నమ్మడు. మిషను చెప్పాల. ముందొక కెమెరా, ఎనకొకటి, పైనొకటి పెట్టిస్తాండా. బండి ఎక్కినకాడ నుంచి దిగేదాకా రెప్పపాటు రెప్పపాటుకీ బొమ్మ, దాని మీద తూకం, అంతా ఫైల్లో పడిపోవాల."

"అంత ఎందుకురా. ఎక్కినాక ఒక బొమ్మ, దిగేముందు ఒక బొమ్మ సాలు."

"సాలదు. మధ్యలో ఏం చేసినావంటారు. నువ్వు కర్నూల్లో కుర్చీలో కూచున్నోనివి. నీకు తెల్దు ఈడి జనం."

రాసిచ్చాను. ఇంకో చోట ఎక్కడా కాటా వాడు ఇట్లాంటి కోరిక కోరడు. ఒక చీటీ చించి ఇస్తే పని అయిపోతుంది. మావాడికి మాత్రం ఎవరూ అనకముందే అనేవాడి నోరు మూయించే సాక్ష్యం కావాలి. లారీ కదలకుండా నిలబడిన బొమ్మలు, డ్రైవరు ముక్కులో వేలు పెట్టుకున్న బొమ్మలు, మధ్యలో కుక్క దాటిన బొమ్మలు, అన్నీ కట్టలు కట్టలుగా ఫైళ్ళలో పడసాగాయి.

ఆ సాక్ష్యమే వాడి దవడ విరగ్గొట్టింది. ఎట్లాగో చెప్తాను.

వేంపల్లె పక్క పల్లెలో పెద్ద తోట ఉన్న ఆసామి ఒకాయన ఉన్నాడు. మనిషి తలుపంత ఉంటాడు. మా బావమరిదికి ఏదో దూరపు వరస కూడా. తోటాయన అందాం. ఆయన లారీ ఒక మధ్యాహ్నం కాటా ఎక్కింది. బోర్డు మీద అంకె కదలలేదు. అంతకుముందు దిగిపోయిన చిన్న లారీ తూకమే అక్కడ నిలబడిపోయింది. మావాడు లోపల కీబోర్డు మీటలు నొక్కుతున్నాడు. తోటాయన బయట బోర్డుకేసి చూస్తున్నాడు. కాసేపటికి అంకె ఎగిరి అసలు తూకానికి వచ్చింది. కాని అప్పటికే ఆయన కళ్ళు మొదటి అంకెను మింగేశాయి.

"ఏమప్పా కాటాయనా. ఒకే బండికి రెండు తూకాలా?"

"లేదన్నా. మిషను కొంచెం ఆగింది. ఇప్పుడు చూడు, కరెక్టుగా ఉండాది."

"ఆగిందా, ఆపినావా?"

"నేనెందుకు ఆపుతానన్నా."

"నేను బోర్డు చూడకపోయింటే మొదటిదే చీటీ మీద ఎక్కేది గదా. ఎన్నాళ్ళ నుంచి తింటాండావు ఇట్ల?"

ఆ మాట అయిపోకముందే రాయి వచ్చింది. ఆయన విసిరాడో ఆయన లారీ మీది మనిషి విసిరాడో తెలియదు. కిటికీ అద్దం మావాడి ఒళ్ళో పడింది. మోచేతి నుంచి నెత్తురు కారుతుంటే వాడు లేచి బయటికి పోయాడు, తోటాయన చొక్కా పట్టుకున్నాడు. ఇద్దరూ పలక మీద పడి దొర్లారు. బోర్డు మీద వాళ్ళిద్దరి తూకం కూడా కలిపి పడిందని తరువాత నేను కర్నూలులో అందరికీ చెప్పాను. అది నేను కల్పించింది. ఆ గోలలో బోర్డుకేసి చూసినవాడే లేడు.

విడదీసింది పక్కన పంక్చర్ కొట్టు సాయిబు. అప్పటికి తోటాయన చేతిలోకి జాకీ రాడ్డు వచ్చేసింది. అది సాయిబు కొట్టులోదే. సాయిబు దాన్ని రెండు చేతులా పట్టుకుని వేలాడాడు.

"నా రాడ్డు నాకియ్యప్పా. మీరు కొట్టుకుంటే కొట్టుకోండి, నా సామాను మీద కేసు రాయించాకండి."

నేను రెండు రోజుల తరువాత బస్సు దిగాను. చూశాను. కంప్యూటరుకు మెమొరీ చాలడం లేదన్నాను. పెద్ద డాక్టరు చీటీ రాసినట్టు రాసిచ్చాను, వాడు కడప పోయి కొత్త మెమొరీ ముక్క తెచ్చాడు. బిగించాను. అంకె ఆగడం బాగా తగ్గింది. ఊరంతా వినేటట్టు "చూసినావా" అన్నాను. కోడి పలావు తిన్నాను. బస్సెక్కి కర్నూలు పోయాను.

తగ్గింది, కాని పోలేదు. ఆగినప్పుడు మాత్రం మునుపటికంటే ఎక్కువసేపు ఆగసాగింది. దానికి కారణం చాలా మామూలుది, ఆ రోజు నాకు తట్టి ఉండాల్సింది. నేను వాడిన కంప్యూటరు భాషలో ప్రోగ్రాము రాసేవాడు తాను వాడి వదిలేసిన మెమొరీని తానే ఊడ్చుకోనక్కరలేదు. ప్రోగ్రాము కింద రన్‌టైము అని ఒకటి నడుస్తుంటుంది. ప్రోగ్రాముకు కావలసినవన్నీ అదే అందిస్తుంది. చెత్త నిండగానే అదే అందరినీ ఉన్నచోట ఆపి, ఎవరి చేతిలో ఏముందో చూసి, ఎవరికీ అక్కరలేనిదంతా ఎత్తి పారేస్తుంది. ఆపినంతసేపూ ఏదీ కదలదు. బోర్డు మీది అంకె కూడా. మెమొరీ అనే గది పెద్దది చేస్తే నిండడానికి ఎక్కువకాలం పడుతుంది, నిండినాక ఊడ్చడానికీ ఎక్కువసేపు పడుతుంది. నేను కొనిపించింది మెమొరీ కాదు, పెద్ద దెబ్బలాటకు కావలసినంత తీరిక.

తోటాయన రెండో కోత లారీ ఎక్కినప్పుడు ఆగింది.

ఈసారి మాటలు కూడా లేవు. ఆయన బోర్డుకేసి చూశాడు. పాత అంకె. ఇంకా చూశాడు. పాత అంకె. వ్యాపారి మనిషి నవ్వాడట. ఆ నవ్వు ఎవరిదైతేనేం, కోపం మావాడి మీదికి వచ్చింది. తోటాయన గదిలోకి వచ్చి, కుర్చీలో కూర్చున్న మనిషిని జుట్టు పట్టి ముఖం పైకెత్తి, పిడికిలితో గుద్దాడు. ఒక్కసారే. ఆ చప్పుడు ఎండు కట్టె విరిగినట్టు ఉందని సాయిబు చెప్పాడు. పన్ను కీబోర్డు మీద పడింది. మావాడు కుర్చీతో సహా వెనక్కి పోయి గోడకు కొట్టుకున్నాడు. బయట లారీ డ్రైవర్లు రెండు జట్లుగా చీలి కాయలు, రాళ్ళు, పానాలు ఏది అందితే అది విసురుకున్నారు. రోడ్డంతా చీనీకాయల మీద చీనీకాయలు చితికాయి. అదంతా అయినాక అంకె కదిలింది.

నేను పోయేసరికి మావాడి దవడకు తీగలు వేసి బిగించారు. పళ్ళ సందుల్లోంచి మాట్లాడుతున్నాడు. పాలు, గంజి, మజ్జిగ, ఏదైనా గొట్టంతో పీల్చుకోవలసిందే. అయినా కాటా గదిలోనే కూర్చుని ఉన్నాడు. కిటికీకి కొత్త అద్దం వేయించలేదు.

"కేసు పెట్టినావా?"

"ఎందుకు బావా."

"ఎందుకేంది. దవడ పగలగొట్టినాడు గదా."

"పెట్టనులే."

అంత నెమ్మదిగా అన్నాడు. వాడి అక్కను చేసుకుని నలభై ఏళ్ళు దాటింది. వాడు ఏ విషయంలోనూ నెమ్మదిగా మాట్లాడగా నేను వినలేదు.

నేను తీగలేమైనా ఊడాయేమో చూద్దామని బల్ల కింద దూరాను. అక్కడ కాళ్ళ దగ్గర గోనెసంచి చుట్ట ఒకటి ఉంది. జరపబోతే బరువుగా తగిలింది. విప్పి చూశాను. కొత్తగా సాన పట్టిన కొడవలి. పిడి కూడా కొత్తదే.

"ఏందిరా ఇది?"

"ఏది బావా?"

"గోనెలో ఉండేది."

"అదా. కొబ్బరి బోండాలు కొట్టేదానికి."

"బోండాలు యాడుండాయి?"

"తెప్పిస్తాంలే."

బల్ల కిందనుంచి వాడి ముఖం నాకు కనబడలేదు, పాదాలు మాత్రం కనబడ్డాయి. కుడి పాదం గోనె మీద పెట్టుకున్నాడు, పెంపుడు కుక్క మీద పెట్టుకున్నట్టు.

నేను బయటికి వచ్చి సాయిబును అడిగాను. సాయిబు ట్యూబు నీళ్ళలో ముంచుతూ తల ఎత్తకుండానే చెప్పాడు.

"తోటాయన సగం తోట ఇంకా కొయ్యాల. వచ్చే వారం కోతంట. ఇదే కాటాకి తెస్తానని టీ కొట్టుకాడ చెప్పి పోయినాడు, మళ్ళా ఆగితే చెయ్యి తీసేస్తానని. మీవాడు విన్నాడు. పోయి కొడవలికి సాన పట్టిచ్చుకోనొచ్చినాడు."

"నువ్వేమన్నా చెప్పకూడదా?"

"నేనేం చెప్తా పెద్దాయనా. రాడ్డుకు గొలుసు ఏసి బీగం పెట్టినా. నా శాతనయింది అదే."

అదీ పరిస్థితి. వారంలోగా ఆ అంకె ఆగకుండా చేస్తే సరే. ఆగిందో, ఒకడు చేతికి వస్తాడు, ఇంకొకడు మెడకు పోతాడు. ఒకడు ఆస్పత్రికీ ఇంకొకడు జైలుకీ పోవడమైనా, ఇద్దరూ ఒకే చోటికి పోవడమైనా, దానికి మూలం నేను రాసిన ప్రోగ్రాము.

కంప్యూటరు పెట్టె ఊడదీసి, అట్టపెట్టెలో పెట్టుకుని కర్నూలు తెచ్చుకున్నాను. కాటా మూశామని బోర్డు పెట్టమన్నాను. ఇంటికి వచ్చాక నా భార్య ఆ పెట్టెను చూసి, నన్ను చూసింది.

"నా తమ్ముని దవడ ఇదేనా?"

"అది కంప్యూటరు."

"నీకు చేతగాకుంటే చేతగాదని చెప్పుండాల్సింది. వాడన్నా ఇంకొకర్ని పెట్టుకునేటోడు. రాస్తా రాస్తా అని పోయి, పలావు తిని వస్తివి."

నేను ఆ వారం కంటి మీద కునుకు లేకుండా పనిచేశానని మా బంధువుల్లో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది నేను. పగలంతా పనిచేశాను, మధ్యాహ్నం నిద్రపోయాను, రాత్రి ఇంకా బాగా నిద్రపోయాను. వయసు అట్లాంటిది.

కాని వెతికాను. మెమొరీలో చెత్త దేనితో నిండుతున్నదో చూస్తే, అంతా బొమ్మలే. నేను దాచిన బొమ్మలు కావు. ఒక్కో బొమ్మకు జతగా, నేను ఎప్పుడూ అడగని ఇంకో బొమ్మ. ఎక్కడినుంచి వస్తున్నదో తెలియక రన్‌టైము లోపలి పనితనం రాసి ఉన్న చోటికే దిగాను. ఆ భాష కట్టినవాళ్ళు దాన్ని అందరికీ తెరిచి పెట్టారు, ఎవరైనా చదువుకోవచ్చు. ఫైల్లోకి రాసే చోట దొరికింది. దీన్ని ఫైల్లో రాయి అని చెప్తే రన్‌టైము నేరుగా రాయదు. ముందుగా దానికి ఒక నకలు తీస్తుంది. ఎందుకంటే, తాను రాస్తూ ఉండగా ప్రోగ్రాములో ఇంకో పక్కనుంచి ఎవడైనా వచ్చి అసలుదాన్ని మార్చేస్తే సగం పాతది, సగం కొత్తది ఫైల్లో పడుతుంది. అందుకని ఎవరి చేతికీ అందని నకలు తీసి, తాళం వేసి, దాన్ని చూసి రాసి, అక్కడే వదిలేసి పోతుంది. నకలు చెత్త అవుతుంది. చిన్న మాటలకైతే ఎవరికీ బరువు కాదు. మూడు కెమెరాలు రెప్పపాటుకొక బొమ్మ పంపిస్తుంటే ప్రతి బొమ్మకూ ఒక శవం మిగులుతుంది.

ఆ వరసలు చదివి నవ్వొచ్చింది. దాన్ని రాసినవాడు ఎక్కడివాడో తెలియదు కాని, రాసేటప్పుడు వెనకనుంచి ఎవడో వస్తాడన్న ఆ అనుమానం చూస్తే మా వేంపల్లె రోడ్డువాడే అనిపించింది. నా బావమరిది జనాన్ని నమ్మక అంతా రాయించాడు. రన్‌టైము నా ప్రోగ్రామును నమ్మక అంతా రెండుసార్లు తీసింది. ఆ రెండు అనుమానాల బరువుకు మిషను ఆగింది. మిషను ఆగినందుకు తోటాయన గుద్దాడు.

ఆ వారంలోనే దగ్గరి బంధువుల ఇంట్లో గృహప్రవేశం భోజనాలు. పోయాం. ఒక బంతి లేచింది, ఎంగిలి విస్తళ్ళు అట్లాగే ఉన్నాయి, ఎత్తేవాడు ఎక్కడో ఉన్నాడు, రెండో బంతి జనం కుర్చీల వెనక నిలబడి ఉన్నారు. ఎత్తేవాడు వచ్చి అందరూ పక్కకు జరగండని ఆపాడు. ఆకలి మీద ఉన్నవాళ్ళు. ఒకడు ఇంకొకడి కుర్చీ లాగాడు. ముష్టిఘాతాలు మొదలయ్యాయి. గరిటెలు లేచాయి. ఒకడి తల రెండు చెక్కలైంది. సాంబారులో నెత్తురు కలిసింది.

తల చెక్కలు కాలేదు, బకెట్టు అంచు తగిలి బొప్పి కట్టింది. సాంబారు మాత్రం నేలపాలైంది, అది నిజం. అప్పుడే నాకు మెరుపులాగా తట్టిందని, తిన్నవాడు లేస్తూ తన విస్తరి తానే ఎత్తుకుపోతే ఎవరినీ ఆపనక్కరలేదు కదా అని, ఫైల్లో రాసినవాడే రాయడం అయిన మరుక్షణం తన నకలును తానే ఖాళీ చేసిపోవాలని, అంతా ఆ సాంబారు మడుగులో కనిపించిందని ఒకరిద్దరికి చెప్పి మెప్పు కూడా పొందాను.

నిజం ఇది. ఆ ఉపాయం నాది కాదు. ఆ భాషను కాపాడుకుంటూ వచ్చేవాళ్ళలో ఎవరో ఒక పుణ్యాత్ముడు ఈ రోగాన్ని ఎప్పుడో కనిపెట్టి, తరువాతి రన్‌టైములో మందు వేసేశాడు. విస్తరి పోలిక ఒక్కటే నాది. మాది పాత కంప్యూటరు కాబట్టి కొత్త రన్‌టైము దాని మీద ఎక్కలేదు. ఆయన మార్చిన వరసలు చదివి, మా పాతదానిలోకి చేత్తో దించుకున్నాను. ఎత్తి రాసుకోవడంలో కూడా ఒక వరస వదిలేశాను.

ఆ వదిలేసిన వరస ఏమిటంటే, నకలును ఖాళీ చేసేముందు దాన్ని ఇంకెవరైనా పట్టుకుని ఉన్నారేమో చూడమనేది. తింటున్నవాడి ముందు విస్తరి లాగకూడదు కదా. వీధికేసి కెమెరా పెట్టి పరీక్షిస్తే, ఫైల్లో పడిన బొమ్మలో ముందు సగం ఆటో, వెనక సగం మేక. నా భార్య కాఫీ తెచ్చి, ఆ బొమ్మకేసి చూసి, కాఫీ ఇవ్వకుండా వెనక్కి తీసుకుపోయింది. ఆ వరస వెతికి చేర్చాను. ఆటో ఆటోగా, మేక మేకగా విడిపోయాయి. ఒక పగలంతా మూడు కెమెరాలు నడిపాను. మెమొరీ పెరగలేదు, అంకె ఆగలేదు. చెత్త అసలు లేకుండా పోయిందని అనను. ఉంది, చిన్నది. దాన్ని ఎత్తడానికి ఆగితే మనిషి కంటికి తెలియదు.

పెట్టె తీసుకుని బస్సెక్కాను. పోయి బిగించేసరికి తోటాయన లారీ వరసలో మూడోదిగా ఉంది.

"మూసినామని పెట్టిన బోర్డు ఏమాయెరా?"

"తీసేసినా బావా." మావాడు కుర్చీలో కూర్చున్నాడు. కుడి పాదం గోనె మీద. "ఆయన వస్తాండాడు గదా. రానీ."

"ఇది ఆగదు. నేను చూసినా."

"ఆగకుంటే మంచిదే."

మొదటి లారీ ఎక్కింది. అంకె లేచింది. రెండోది ఎక్కింది. లేచింది. తోటాయన లారీ ఎక్కింది. ఆయన దిగి వచ్చి అద్దం లేని కిటికీ ముందు నిలబడ్డాడు. చేతిలో జాకీ రాడ్డు. సాయిబుది కాదు. ఇంటినుంచి తెచ్చుకున్నాడు.

అంకె లేచి, తగ్గాల్సిన చోట తగ్గి, నిలబడింది. తక్కువగా నిలబడింది. ఆయనకు తన కాయ ఎంతో తెలుసు. నాకు కూడా లారీ నిండుగా కనబడుతున్నది. తోటాయన బోర్డు చూశాడు, మావాడిని చూశాడు.

"మళ్ళా ఆపినావా?"

మావాడు పళ్ళ సందులోంచి ఏదో అన్నాడు. ఏమన్నాడో ఎవరికీ అర్థం కాలేదు. బహుశా వాడి అదృష్టం.

"నోరు కట్టేసుకోని ఏందిరా గొణుగుతాండావు. చెయ్యి ఇట్ల పెట్టు. బల్ల మీద పెట్టు చెయ్యి."

రాడ్డు కిటికీలోంచి లోపలికి వచ్చింది. కంప్యూటరు తెర పక్కన దిగి బల్ల చెక్క లేచిపోయింది. మావాడు కిందికి వంగాడు. గోనె విప్పుకునే చప్పుడు విన్నాను.

ఆ క్షణాన నేను తెరకేసి చూశాను. ధైర్యం కాదు. చూడ్డానికి ఇంకేమీ లేక. అంకె చివర అయిదో పదో కిలోలు అటూ ఇటూ ఆడుతున్నది. లారీ ఇంజను వణుకుతుంటే అంకె కూడా వణుకుతుంది. ఆగిపోయిన అంకె వణకదు. అంటే ఇది బతికే ఉంది. పలక చెప్పిందే చెబుతున్నది. పక్కనే వెనక కెమెరా బొమ్మ. లారీ వెనక చక్రాలు పలక మీద కాదు, మట్టి మీద ఉన్నాయి.

"చక్రం," అన్నాను. "ఎనక చక్రం పైకి రాలే."

ఎవరూ వినలేదు. మావాడు కొడవలితో లేచాడు. తోటాయన కిటికీ వదిలి తలుపు వైపు వచ్చాడు. నేను ఇద్దరి మధ్యకూ దూకి, రెండు చేతులూ చాచి, నన్ను కొట్టి పోండిరా అన్నాను.

అనలేదు. నేను బల్ల కింద దూరబోయాను. నాకు తోచింది అదే. మావాడు లేచిన వేగానికి కుర్చీ నా మీద పడింది, నేను పోయి లేచిపోయిన బల్ల చెక్కకు నుదురు కొట్టుకున్నాను. నుదుటి నెత్తురు చిన్న గాయానికి కూడా కాలువ కట్టి కారుతుంది. కళ్ళలోకి, తెల్ల చొక్కా మీదికి, కీబోర్డు మీదికి. తలుపు దగ్గర తోటాయన ఆగాడు. మావాడు కొట్టాడనుకున్నాడు. మావాడు వెనక్కి తిరిగి, తోటాయన రాడ్డు తగిలిందనుకున్నాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"పెద్దాయన్ను ఎందుకు కొట్టినావురా?" అన్నాడు తోటాయన.

"ఎవుడు కొట్టినాడు, నువ్వు గదా," అన్నాడు మావాడు. తీగల మధ్యనుంచి కూడా ఆ మాట స్పష్టంగానే వచ్చింది.

నేను నేల మీద కూర్చుని, చొక్కా అంచుతో నుదురు అదుముకుని, మళ్ళీ అన్నాను.

"చక్రం సూడండప్పా ముందు. తరవాత సంపుకోండి."

సాయిబు పోయి చూసి, లారీ డ్రైవరును ఒక బూతు తిట్టి, ముందుకు రమ్మని చెయ్యి ఊపాడు. లారీ మూరెడు జరిగింది. వెనక చక్రాలు పలక ఎక్కాయి. బోర్డు మీద అంకె ఎక్కసాగింది. ఆగి ఒక్కసారి ఎగరడం కాదు, మనిషి మెట్లెక్కినట్టు ఎక్కింది. రాడ్డు పట్టుకునే తోటాయన తల ఎత్తి చూశాడు. కొడవలి పట్టుకునే మావాడు తెర మీద చూశాడు.

"దించి మళ్ళా ఎక్కించు," అన్నాడు తోటాయన.

దించారు. ఎక్కించారు. అదే అంకె.

"ఇంగోసారి."

అదే అంకె. ఆయన రాడ్డును గోడకు ఆనించాడు. క్షమించమని అనలేదు, అనే మనిషి కాదు. చీటీ తీసుకుని చూసుకుంటున్నాడు. గదిలో ఇక మిగిలింది మావాడి చేతిలోని కొడవలి. ఇరవై మంది చూస్తుండగా దూసినదాన్ని ఏమీ చేయకుండా గోనెలో పెట్టుకోవడం మా వైపు చాలా కష్టమైన పని.

"సాయిబూ," అన్నాను నేను. "బోండాలు తెప్పిచ్చు. మావోడు కొడతాడు."

సాయిబు నాకేసి, కొడవలికేసి చూసి, రోడ్డు దాటిపోయాడు. తోపుడుబండి అతన్నే వెంటబెట్టుకుని వచ్చాడు. మావాడు ఒక బోండాం అరచేతిలో పట్టుకుని, తోటాయన కళ్ళలోకి చూస్తూ ఒకే దెబ్బ వేశాడు. పైచెక్క ఎగిరి తోటాయన కాళ్ళ దగ్గర పడింది. ఆయన జరగలేదు. మావాడు ఆ బోండాం ఆయనకే ఇచ్చాడు. ఆయన తీసుకుని ఎత్తి తాగాడు. రెండోది నాకు. మూడోది వాడు తీసుకుని, దవడ కదలదు కాబట్టి, గొట్టంతో చప్పుడు చేస్తూ పీల్చుకున్నాడు. ఆ చప్పుడు విని తోటాయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నవ్వాపుకోవడానికో ఇంకెందుకో నాకు తెలియదు.

నాకు సాయిబు నుదుటి మీద ట్యూబులకు వాడే గుడ్డ కట్టాడు. ఆ వాసన వారం పోలేదు.

ఇప్పటికీ మూడు కెమెరాలూ రాస్తూనే ఉన్నాయి. రాసిన ప్రతి బొమ్మకూ నకలు తీయడమూ మానలేదు, అనుమానం అట్లాగే ఉంది. రాసిన వెంటనే నకలు ఎత్తేయడం ఒక్కటే మారింది. తోటాయన ఇంకా అదే కాటాకు వస్తాడు. మావాడికీ ఆయనకూ మాటల్లేవు, అంకె చూసుకుని పోతాడు. మొన్న పోయినప్పుడు బల్ల కింద చూశాను. గోనె అక్కడే ఉంది. బోండాం నీళ్ళు ఇంకి దానికి బారుగా చీమలు పట్టాయి.

"తీసెయ్యరాదురా, చీమలు పడతాండాయి," అన్నాను.

"ఉండనీలే బావా," అని కుడి పాదం దాని మీద పెట్టుకున్నాడు.